తొగరుమెట్టలో ఎన్ని డేగలు

మృగశిర కార్తె, రెండో రోజు

రాసేవాడు బండి మద్దిలేటి. వయసు యాభై తొమ్మిది. ముప్పై రెండేళ్లు గాలిమరల మెకానిక్‌గా చేసి, నిన్నటి నుంచి తొగరుమెట్ట డేగల పరిశీలకుడినయ్యాను.

డేగల పునరాగమన శాఖవారు నాకు మూడు వస్తువులిచ్చారు: ఒక దుర్భిణి, ఈ రిజిస్టరు, నూట పన్నెండు పేజీల నిబంధనల పుస్తకం. మన ఆకాశంలో ముప్పై ఏళ్లుగా డేగ లేదు. ఇప్పుడు పన్నెండింటిని పెంచి కొండల అంచున వదిలారు. వాటిని కనిపెట్టి లెక్క రాయడానికి ఆకాశంలోని యంత్రాల కళ్లు పనికిరావట. సరుకులు మోసే తుమ్మెద యంత్రాలు ఒకదానికొకటి గుద్దుకోకూడదని, తుమ్మెద కానిదాన్నల్లా చెత్త కింద కొట్టేయడం ఆ కళ్లకు ఎప్పుడో నేర్పారు. నేర్పినవాళ్లు ఇప్పుడు లేరు. చూసినదానికల్లా పేరు చెప్పే నా చెప్పుడు అద్దాలు రాయిని రాయి అంటాయి, రేగుచెట్టును రేగుచెట్టు అంటాయి. డేగ బొమ్మ చూపిస్తే మాత్రం చాలాసేపు ఆలోచించి "తలగడ" అన్నాయి. అందుకని మనిషి కన్ను కావలసి వచ్చింది.

మర నెత్తిన కూర్చుని ముప్పై రెండేళ్లు ఖాళీ ఆకాశం చూసినవాడికంటే ఆకాశం తెలిసినవాడు మండలంలో ఇంకెవడున్నాడు? నన్ను ఎంపిక చేసినవాళ్లు ఈ మాటే అన్నారు. దరఖాస్తు పెట్టింది నేనొక్కడినేనని మా ఆవిడ ఈశ్వరమ్మ ఇరుగుపొరుగుకు చెబుతోంది. ఆ వివరం ఇక్కడ అనవసరం.

నిబంధనల్లో ముఖ్యమైనవి రెండు. ఆరుద్ర కార్తె పదో రోజులోగా డేగ ప్రాణమున్న జంతువును సొంతంగా వేటాడాలి. మనిషి పెట్టే తిండికి మరిగిందని తేలితే దాన్ని పట్టి బోనుకు తీసుకుపోతారు, ఇక బతికినన్నాళ్లూ బోనే. పుస్తకంలో ఏముందని ఈశ్వరమ్మ అడిగింది. ఆఫీసు విషయాలు ఇంట్లో చెప్పడం పద్ధతి కాదని దిండు కింద పెట్టుకున్నాను.

ఉదయం ఎనిమిదిన్నరకు నాలుగో మర ఎక్కి కుర్చీ కొండవైపు వేసుకున్నాను. తొమ్మిదికి వచ్చింది. ముదురు గోధుమరంగు ఒళ్లు, కాళ్ల దాకా ఈకలు, చాచిన రెక్కలు మా ఇంటి తలుపంత. రెక్క ఆడించకుండా, ఏ పనీ లేనట్టు, నా నెత్తిమీద మూడు చుట్లు తిరిగింది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఎండాకాలం ఒక డేగ ఇదే మర రెక్క తగిలి పడిపోయింది. దాన్ని గోనెసంచిలో పెట్టి అవతల పాతిపెట్టింది నేనే. తర్వాత మా ఊరి మీద ఇంకొకటి ఎగరలేదు. ఇవాళ దీన్ని చూస్తే ఏడుపొచ్చింది. రిజిస్టరులో ఇలాంటివి రాయవచ్చో లేదో పుస్తకంలో లేదు. రాశాను.

నమోదు: డేగ ఒకటి. రంగు: సాదా. మిగతా గుర్తులు వెనక పట్టీలో.

మృగశిర, ఆరో రోజు

పొద్దున ఇనుప పిల్లికి నూనె వేసి మర ఎక్కేసరికి ఆలస్యమైంది. డేగలు పోయాక ఎలుకలు ఊళ్లను తినేశాయి కాబట్టి ఇంటికొక ఇనుప పిల్లి తప్పదు. మాది ఎలుకల్ని బాగానే పడుతుంది కానీ మంచం కింద దూరితే తిరిగి రావడం తెలియదు. వంగి లాగాల్సింది నేనే.

ఆలస్యమైనా ఫలితం దక్కింది. సాయంత్రం ఐదు గంటలకు రెండో డేగ. దీని ఛాతీ పసుపుపచ్చ. నిబంధనల పుస్తకంలో ఇలాంటి డేగ బొమ్మ లేదు. అంటే పుస్తకం రాసినవాళ్ల కంట పడనిది నా కంట పడిందన్నమాట.

ఈ సంగతి ఈశ్వరమ్మకు చెబితే, ఆమె పాలు తోడేసినట్టే, రేపటికి పెరగాలని కుండలో మాంసానికి తోడు వేస్తూ, ఛాతీ ఎంత పసుపుగా ఉందని అడిగింది. బాగా పసుపన్నాను. ఊఁ అని తోడు గిన్నె మీద మూతపెట్టేసింది. ఆమెకు పక్షుల మీద ఆసక్తి కలుగుతున్నందుకు సంతోషించాను.

నమోదు: డేగలు రెండు.

మృగశిర, పదకొండో రోజు

నాలుగు.

మూడోది తెల్ల భుజాలది, పది గంటల వేళ కనబడుతుంది. నాలుగోది ఎర్ర ముక్కుది, మిట్టమధ్యాహ్నం వస్తుంది. సాదాది పొద్దున, పసుపు ఛాతీది సాయంత్రం. ఒకటి వచ్చే వేళకు ఇంకొకటి రాదు. మెకానిక్ బుర్ర కాబట్టి నాకు వెంటనే వెలిగింది: ఇవి షిఫ్టుల్లో పనిచేస్తున్నాయి. ఉన్న కాస్త వేటకు కొట్లాడుకోకుండా వేళలు పంచుకున్నాయి. గాలిమరల దగ్గర మేము ముప్పై ఏళ్లు గొడవపడినా కుదరని షిఫ్టుల పద్ధతి వీటికి పది రోజుల్లో కుదిరింది. ఈ సిద్ధాంతాన్ని మూడు పేజీల్లో రాసి శాఖకు పంపాను.

పర్యవేక్షకురాలు ఇంద్రాణి మేడం సాయంత్రమే మాట్లాడారు. మిగతా పదహారు ఊళ్లలో ఒక్క డేగ కూడా కనబడలేదట. తొగరుమెట్టలో నాలుగున్నాయంటే ఈ ఊళ్లో ఏదో విశేషముంది, ఆరుద్ర పదో రోజు నేనే వచ్చి చూస్తాను, తిండి పరీక్ష కూడా అప్పుడే పెడతాను అన్నారు. ఊరి విశేషమేమిటో నాకు తెలుసు కానీ సొంత డబ్బా కొట్టుకోవడం బాగుండదని ఊరుకున్నాను.

ఆరుద్ర కార్తె, మూడో రోజు

ఈ పేజీ రాయడానికి చేయి రావడం లేదు.

నిన్న ఇంద్రాణి మేడం ఒక మాట చెప్పారు. డేగలన్నీ మా వైపే వచ్చేశాయని తేలింది కాబట్టి కొండల్లో వెతికేవాళ్లను వెనక్కి పిలిపించారట. పన్నెండింట్లో నాలుగు మా దగ్గరుంటే మిగతావీ ఇటే ఉంటాయని వాళ్ల లెక్క. నా మాట మీద అంత పని జరిగిందని విన్నాక ఎందుకో నా లెక్క మీద నాకే ధైర్యం చాలలేదు. రాసినవన్నీ, వెనక గుర్తుల పట్టీతో సహా, మొదటి నుంచి చదివాను. సాదా డేగ: ఎడమ రెక్కలో మూడో ఈక లేదు. పసుపు ఛాతీ డేగ: ఎడమ రెక్కలో మూడో ఈక లేదు. మిగతా రెండింటికీ అదే. నాలుగుసార్లు నా చేత్తోనే రాసుకున్నాను, ఒక్కసారీ కలిపి చదవలేదు.

ఇవాళ మర ఎక్కి, కొండవైపున్న కుర్చీని మొదటిసారి ఊరివైపు తిప్పాను.

సాదా డేగ తొమ్మిదింటికి వచ్చి మూడు చుట్లు తిరిగి చౌడప్ప పిండిమర రేకుల మీద వాలింది. చౌడప్ప నిచ్చెనేసుకుని పైకెక్కి దాని ముందు ఏదో పెట్టి దిగాడు. అది తిని, రేకుల మీద పేరుకున్న పిండిలో పొర్లి తెల్ల భుజాలతో లేచింది. చెక్‌డ్యాం నీళ్లలో మునిగి మళ్లీ సాదాదైంది. మధ్యాహ్నం మాబున్నీ ఇంటి పెరటి గోడ మీద వాలింది. మాబున్నీ కారం, ఉప్పు పట్టించిన ముక్కలు పళ్లెంలో పెట్టింది. మనమైతే నోరు కాలి చెంబెడు నీళ్లు తాగే కారం, అది మాత్రం కళ్లయినా ఆర్పకుండా తిని ముక్కు ఎర్రగా చేసుకుని లేచింది. మళ్లీ చెక్‌డ్యాం. ఐదింటికి ఇంకొక పెరట్లో దిగింది. అక్కడ ఒక ఆడమనిషి, మాంసానికి పసుపు పట్టించి, నీళ్లు కారుతున్న ముక్కల్ని ఒక్కొక్కటే అందిస్తోంది. పసుపు నీళ్లు దాని ఛాతీ మీదుగా కారుతున్నాయి. ఆమె దానితో కబుర్లు చెబుతోంది. దుర్భిణి సరిచేసుకుని చూశాను. మా పెరడు. మా ఆవిడ.

నమోదు: డేగ ఒకటి.

ఆరుద్ర, నాలుగో రోజు

నిన్న దిగివచ్చి ఈశ్వరమ్మను నిలదీశాను. ఇంటికొచ్చి గోడ మీద కూర్చున్న ప్రాణికి పెట్టకుండా ఎలా ఉంటామని ఆమె నన్నే అడిగింది. అదీ పచ్చిమాంసం ఊరికే పెట్టదట, పసుపు పట్టించకుండా మాంసం ముట్టే ఇల్లు కాదట మాది. అప్పుడు దిండు కింది పుస్తకం తీసి రెండో నిబంధన చదివి వినిపించాను. ఆమె చేతిలో పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది.

"పుస్తకం తలకింద పెట్టుకోని పండుకుంటివి కదప్పా," అంది చివరికి. "అండ్లో ఇట్ల రాసుండాదని ఒక్క మాట చెప్పింటే, ముక్క పెట్టిన చెయ్యి నరుక్కోనుందును."

నిబంధన ఆమె మీరింది, మీరేట్టు చేసింది నేను. ఇలా రాయడం కష్టంగానే ఉంది.

ఇవాళ ఈశ్వరమ్మను వెంటబెట్టుకుని పోయి, పిండిమర దగ్గర చౌడప్పనూ, మాబున్నీనీ కూర్చోబెట్టి మాట్లాడాను. ఇద్దరూ మొదట ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నారు, ఆ తర్వాత ఇంకో గొడవ మొదలైంది. తనది తెల్ల డేగ అని, అది ఆడవాళ్ల పెరళ్ల వెంట తిరిగే రకం కాదని చౌడప్ప అన్నాడు. తనది రాజావారి పిల్లడిలాంటిదని, పిండిలో పొర్లే ఖర్మ దానికి లేదని మాబున్నీ అంది. ఇద్దరికీ రెక్కలో ఈక సంగతి చూపించాక నమ్మారు. అప్పుడు మాబున్నీ ఏడ్చింది. తన దగ్గరికి ఒక్కటే వస్తోందని పొంగిపోయిందట, మూడిళ్లు తిరుగుతోందని తెలిస్తే తన పూట మానేసి ఉండేదట.

తిండి మానాలని తీర్మానించాం. అప్పుడు ఈశ్వరమ్మ ఇంకో ప్రశ్న అడిగింది. మనం పెట్టకపోతే అది ఏం తింటుంది? ఊళ్లో ఎలుక తల బయటపెడితే ఇనుప పిల్లి నమిలేస్తోంది కదా.

ఇనుప పిల్లుల్ని ఆపితే ఎలుకలు ఏం చేస్తాయో మా తరానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. డేగలు పోయిన కొత్తలో ఒక్క రాత్రిలో మా విత్తనాల బుట్ట తవుడైంది. ఈశ్వరమ్మ లేచి ఇంటికి పోయింది. మా పిల్లిని ఆపి అటక మీద పడేసి, ఆ చేతులు కడుక్కుని తిరిగి వచ్చి కూర్చుంది. సాయంత్రానికి ఊరంతా పిల్లుల్ని ఆపేసింది. ఆపేశామని చెప్పింది, అని రాయడం సరైనది.

ఆరుద్ర, ఏడో రోజు

డేగకు ఇది మూడో పస్తు. పొద్దున పిండిమర, మధ్యాహ్నం మాబున్నీ గోడ, సాయంత్రం మా గోడ. వేళ తప్పకుండా వస్తుంది, మెడ తిప్పి తిప్పి వంటింటి గుమ్మం చూస్తుంది, సన్నగా అరుస్తుంది. ఈశ్వరమ్మ తలుపేసుకుని లోపల పాత్రలు చప్పుడు చేస్తూ కూర్చుంటోంది. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది.

ఎలుకలు మాత్రం ఊరుకోలేదు. మా గోనెకొకటి, మాబున్నీ పరుపుకొకటి చిల్లు పెట్టాయి. అవి అలా గోడ వెంట పరిగెడుతుంటే డేగ తల వంచి చూస్తుంది, అదేదో వేరే వాళ్ల వ్యవహారమన్నట్టు ముఖం తిప్పుకుంటుంది.

ఇవాళ పది గంటలకు మాత్రం కదిలింది. పిండిమర వెనక ఏదో పరిగెత్తింది, డేగ రెక్కలు ముడిచి రాయిలా పడింది. కాళ్లతో పట్టుకుని లేచింది. తీరా చూస్తే అది చౌడప్ప ఇనుప పిల్లి. బస్తాలు పాడవుతాయని చౌడప్ప దాన్ని గుట్టుగా నడిపిస్తున్నాడు. బరువు మోయలేక డేగ దాన్ని బజారులో అందరి ముందూ వదిలేసింది. పిల్లి నాలుగు ముక్కలైంది. చౌడప్ప వచ్చి ముక్కలు ఏరుకుంటుంటే ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే అతనికి చాలింది.

పుస్తకం తిరగేశాను. వేటకు ప్రాణముండాలని స్పష్టంగా ఉంది. నమోదు చేయలేదు. కానీ పడటం వచ్చింది దానికి, పట్టడం వచ్చింది.

ఆరుద్ర, పదో రోజు

మేడం పెద్ద తుమ్మెదలో పదింటికి దిగారు. వెంట ఒక పెద్ద బోను కూడా దిగింది. ఈ రిజిస్టరులో పేజీలు చింపేయమని రాత్రి చౌడప్ప సలహా ఇచ్చాడు. ఎలాగూ ఒక డేగ ఉంది కాబట్టి నాలుగంటే నమ్ముతారన్నాడు. కొండల్లో వెతకడం ఆపేశారు, అక్కడ పదకొండు డేగలు ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియదు అని చెప్పాను. వారం కిందే చెప్పాల్సిన మాట అది. రిజిస్టరు తీసి ఉన్నదున్నట్టు మేడం చేతిలో పెట్టాను.

ఆమె మా అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. షిఫ్టుల సిద్ధాంతం దగ్గర రెండుసార్లు ఆగారు. చదివాక, కొండల్లోకి మనుషుల్ని వెంటనే పంపమని ఫోనులో చెప్పి, నావైపు తిరిగారు. తిండికి మరిగిన డేగను విడిచిపెట్టే అధికారం తనకు లేదన్నారు. అయితే నా రాతతో పని లేదట, పరీక్షే ప్రమాణమట. మాంసం పెట్టి పదడుగుల దూరంలో మనిషి నిలబడతాడు. గంటలోపు వచ్చి తింటే బోను. రాకపోతే, అదే రోజు వేటాడితే, స్వేచ్ఛ.

తమ డబ్బాలోంచి మాంసం తీసి మా పెరటి గోడ మీద పెట్టారు. డేగ పందిరి గుంజ మీద ఉంది. ఆరు రోజుల ఆకలి. ఈశ్వరమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఎముకలు విరిగేంత గట్టిగా. డేగ దిగి మాంసం దగ్గరికి నడిచింది, వాసన చూసింది, ముక్కుతో ఒకసారి పొడిచింది, మా వంటింటి వైపు చూసింది. తిరిగి గుంజ మీదికి పోయింది.

రెండేళ్లు దీన్ని పెంచింది ఆ మాంసంతోనే అని మేడం విస్తుపోయారు. రిజిస్టరు తెరిచి ఒక పేజీ చూశారు. ఏ పేజీనో నాకు తెలుసు.

"పరీక్ష న్యాయంగా జరగాలి మద్దిలేటి గారూ," అన్నారు. "దానికి అలవాటైన పద్ధతిలోనే పెట్టాలి. అమ్మా, కాస్త పసుపు ఇస్తారా?"

ఈశ్వరమ్మకు నలభై ఏళ్లుగా ఒక పట్టింపు ఉంది. పసుపు డబ్బా ఖాళీ అయినా ఆ మాట నోటితో అనదు. పసుపు లేదని ముత్తయిదువ అనకూడదని వాళ్లమ్మ చెప్పిందట. అయిపోతే మౌనంగా డబ్బా తెచ్చి నా ముందు పెడుతుంది, నేను అర్థం చేసుకోవాలి. అలాంటి మనిషి పెరటి మధ్యలో నిలబడి మేడం కళ్లలోకి చూసింది.

"మా ఇంట్లో పసుపు ల్యా మేడం," అంది.

వంటింటి కిటికీలో డబ్బా అందరికీ కనబడుతూనే ఉంది. మేడం గోడ అవతలి మాబున్నీని అడిగారు. వాళ్లింట్లోనూ లేదట, కారం కూడా లేదట. చౌడప్పను అడిగారు. అతను తన జన్మలో పసుపు చూడలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మేడం చాలాసేపు మా ముఖాలు చూశారు. తర్వాత నా కలం అడిగి తీసుకుని, ఈ కింది మూడు వాక్యాలు తన చేత్తో రాశారు.

తిండి పరీక్ష జరిగింది. పక్షి ముట్టలేదు. గ్రామంలో పసుపు దొరకలేదు. — ఇంద్రాణి

వేట మిగిలింది. సాయంత్రం దాకా అందరం అరుగు మీదే కూర్చున్నాం, బోను వాకిట్లోనే ఉంది. నాలుగున్నరకు గోడ వెంట ఒక ఎలుక బయటికొచ్చింది, బాగా బలిసింది, పట్టపగలే భయం లేకుండా. డేగ పడింది, తప్పిపోయింది. గోడ మూలకు తరిమింది. రెండోసారి పట్టింది.

పట్టాక ఏం చేయాలో దానికి తోచలేదు. ఎలుకను కాలి కింద తొక్కిపెట్టి, తల ఎత్తి ఈశ్వరమ్మను చూసింది. చూసి సన్నగా అరిచింది. ఆమె ఒక్క అడుగు ముందుకు వేసింది. నేను ఆపలేదు, ఆపే ధైర్యం లేదు. ఆమె అక్కడే నిలిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెనక్కి తిరిగి లోపలికి పోయి తలుపేసి గడియ పెట్టింది. గడియ చప్పుడు పెరడంతా వినబడింది. డేగ ఆ తలుపును కొంతసేపు చూసింది. తర్వాత తల వంచి తినడం మొదలుపెట్టింది.

నమోదు: వేట ఒకటి. ప్రాణమున్న ఎలుక. సాక్షులు: అరుగు మీద ఉన్నవాళ్లందరూ. తలుపు వెనక ఉన్న ఒకరు.

పునర్వసు కార్తె, మొదటి రోజు

నాలుగు రోజులుగా డేగ రాలేదు. పిండిమర మీదికీ, మాబున్నీ గోడ మీదికీ, మా ఇంటికీ రాలేదు. మర మీద కుర్చీని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాను. ఇనుప పిల్లుల్ని మళ్లీ నడిపిస్తున్నాం, మాది అప్పుడే మంచం కింద ఇరుక్కుంది.

నిన్న కొండల వైపు వెతికేవాళ్లు మాట్లాడారు. ఒక డేగ కుందేలును పట్టుకుని లోయ దాటడం చూశారట. ఒంటి మీద ఏ రంగూ లేదట. మాదేనా అని అడగబోయి ఊరుకున్నాను.

సాయంత్రం ఈశ్వరమ్మ వచ్చి పక్కన కూర్చుని ఏం రాస్తున్నానని అడిగింది. ఇప్పుడు ఇంట్లో ఆఫీసు రహస్యాలు లేవు, చదివి వినిపించాను. తొగరుమెట్టలో డేగలు: సున్నా.

ఆమె రిజిస్టరు మీదికి వంగి చూసింది.

"ఇంత చిన్నగా రాస్తివే," అంది. "పెద్దగా రాయి."

కొత్త పేజీ తిప్పి, ఆ పేజీ నిండా ఒకే సున్నా రాశాను.